ఫోటోలో లేని మనిషి

ఈ అరబ్బు దేశంలో, ఐన్ ఖాలిద్ అనే పేటలో మా అమ్మాయి వాళ్ళుండే విల్లాను యజమాని ఆరు వాటాలు చేసి అద్దెకిచ్చాడు. వెనక వాటాలో మాలతి ఉంటుంది. ఆమె గదిలోంచి పగలంతా ఒక ఆడగొంతు వినిపిస్తుంది. ఆ గొంతులో కోపం, నవ్వు, అలుపు ఏవీ ఉండవు. "ఎడమ వైపు నిచ్చెన. నిచ్చెన కాళ్ళు ఇసుకలో ఉన్నాయి" అంటుంది. కాసేపాగి మళ్ళీ అదే మాట, అదే స్వరం. నేను వచ్చిన కొత్తలో ఎవరో మతి తప్పిన ఇల్లాలిని లోపల పెట్టి తాళం వేశారనుకుని, ఆ కథకు ముందూ వెనకా కల్పించి మా మనవరాలికి వారం రోజులు చెప్పాను.

ఒక సాయంత్రం తలుపు ఓరగా తీసి ఉంది. తొంగి చూశాను. బల్ల మీద కంప్యూటరు. దాని మొహం మీద, శవానికి కప్పినట్టు, నిండా తెల్ల తువాలు. ఆ తువాలు కింది నుంచి గొంతు మాట్లాడుతోంది. ఎదురుగా మాలతి కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది.

"ఏమ్మాయ్, దయ్యం చేత పాఠం అప్పజెప్పించుకుంటున్నావా?"

ఆమె ఉలిక్కిపడలేదు. ఒక కన్ను మాత్రం తెరిచింది. "దయ్యం గాదు తాతా, స్లైడ్లు. కండ్లు లేనోల్లు ఎట్ల ఇంటరో గట్ల ఇంటున్న. తెర కనబడ్తే నాకు అన్నీ తెల్సినట్టే ఉంటది. అందుకే కప్పేసిన."

అట్లా మొదలైంది మా పరిచయం. ఈ కథలో నేను కళ్ళతో చూసింది ఆ తువాలు ఒక్కటే. తక్కినదంతా మాలతి చెప్పింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. మా ఇద్దరిలో ఆ పని నాది.

మాలతిది మెట్‌పల్లి దగ్గర పల్లె. డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక భర్త వీసా మీద వచ్చింది. భర్త గంగాప్రసాద్ క్రేన్ నడుపుతాడు. తెల్లారకముందే పోయి పొద్దుగూకాక వస్తాడు. ఇంట్లో కూర్చోలేక ఆమె ఉమ్ ఘువైలినాలో, ఒక లాండ్రీ షాపు పైన ఉన్న శిక్షణ సంస్థలో ఉద్యోగానికి కుదిరింది. సైట్లలో కూలి పని చేసేవాళ్ళకు అక్కడ సేఫ్టీ పాఠాలు చెబుతారు. పాసైనవాడు బరువులు మోయడం మాని, బరువులు మోసేవాళ్ళను కాచుకునే డ్యూటీకి మారవచ్చు. శుక్రవారం పొద్దున తెలుగు బ్యాచ్. పాఠమంతా గోడ మీద స్లైడ్లే. ఆ స్లైడ్లను సర్దడం మాలతి పని. రెండేళ్ళపాటు అదొక మామూలు పని. అక్షరాలు పెద్దవి చేయడం, తప్పులు దిద్దడం, అంతే.

అప్పుడు భూమేష్ వచ్చాడు.

అతనిది జగిత్యాల దిక్కు. కాంక్రీటు పోస్తుండగా పంపు గొట్టం పగిలి సిమెంటు నీళ్ళు రెండు కళ్ళలోనూ కొట్టాయి. ఆసుపత్రి నుంచి బర్వా అల్ బరాహాలోని పనివాళ్ళ క్యాంపు గదికి తిరిగొచ్చేసరికి వెలుతురు ఉందో లేదో మాత్రమే తెలిసేది. కంపెనీ ఒక మాట చెప్పింది. జూన్ నెలాఖరులోగా సేఫ్టీ పరీక్ష పాసైతే, కొత్తగా దిగే పనివాళ్ళకు జాగ్రత్తలు చెప్పే డ్యూటీ ఇస్తారు. లేకపోతే ఇంటికి టికెట్టు.

"ఇంటికి పోతే మంచమ్మీద కూసోబెట్టి బువ్వ పెడ్తరు అక్కా" అన్నాడట మాలతితో మొదటిరోజే. "నా పెండ్లాం గంగాబాయి మంచిదే, పెడ్తది. గని పొద్దుగాల లేసి యాడికన్న పోవాలె గద మనిషి! మా అమ్మకు ఇంకా చెప్పలే. నా కొడుకు దుబాయ్‌ల ఆఫీస్ డ్యూటీ జేస్తుండు అనుకుంటది. ఆమెకు ఏ దేశమైన దుబాయే. ఆ డ్యూటీ నిజంగనే దొరికితే, అప్పుడు చెప్త."

భూమేష్ ల్యాప్‌టాప్‌లో తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటాడు. మొదటి శుక్రవారం ఆ గొంతు అతనికి చదివి వినిపించింది ఇదీ: చిత్రం. చిత్రం. ఐఎంజి సున్నా నాలుగు రెండు ఏడు. చిత్రం. పక్కవాళ్ళంతా ఎర్ర రంగు తప్పు, పచ్చ రంగు ఒప్పు అని రాసుకుంటుంటే, ఆ గొంతుకు రంగులు తెలియవు. ఇంకొక స్లైడులో వాక్యాలను ఎవరో ఎప్పుడో వెనకాముందూ అతికించారు. కంటికి వరుసలోనే ఉన్నాయి, గొంతు మాత్రం అతికించిన వరుసలో చదివింది.

పాఠం అయ్యాక భూమేష్ నవ్వుతూ చెప్పాడు. "అక్కా, మీ స్లైడ్‌ల మనిషి ముందుగాల సచ్చిండు. తర్వాత కింద పడ్డడు. ఆఖరుకు నిచ్చెనెక్కిండు."

మాలతి నవ్వలేదు. ఆ వారమంతా ఇంట్లో కూర్చుని, ప్రతి స్లైడుకూ ఒక పేరు పెట్టి, వాక్యాలను చదవాల్సిన వరుసలో నిలబెట్టి, రంగు ఉన్నచోట 'తప్పు', 'ఒప్పు' అని మాటల్లో రాసింది. ప్రతి ఫోటో వెనకా, కంటికి కనబడకుండా ఆ గొంతు మాత్రమే చదివేలా, ఒక వివరణ రాసింది. తువాలు కప్పి వినడం అప్పుడే మొదలుపెట్టింది.

అన్నిటికంటే కష్టం ప్రమాదాల ఫోటోలు. పరీక్షలో ముఖ్యమైనవీ అవే. సైటు ఫోటో ఒకటి చూపిస్తారు. అందులో ప్రమాదం ఏమిటో, అది ఎవరికో, ఏం చేయాలో అభ్యర్థి చెప్పాలి. ఇప్పుడు మాలతి 'పరంజాకు అడ్డుకర్ర లేదు' అని రాస్తే జవాబు చెప్పేసినట్టు. 'పరంజా ఉంది' అని ఊరుకుంటే దాచేసినట్టు. చెప్పకూడదు, దాచకూడదు. ఆ సన్నటి దారి కోసం ఆమె నా మీద కూడా సాధన చేసింది. నన్ను కళ్ళు మూసుకోమని, ఒక ఫోటోను మాటల్లో చెప్పేది. నా బాల్యంలో కాన్వెంట్ సిస్టర్లు ప్రార్థనప్పుడు నా కళ్ళను మూయించలేకపోయారు. మాలతి మూయించింది.

మూడో శుక్రవారం నుంచి కథ దారి తప్పింది.

ఆరోజు మొత్తం ప్రమాదాల ఫోటోలే. ఏడో స్లైడు దగ్గర భూమేష్ చెయ్యెత్తాడు. "అక్కా, ఆ నీలం అంగీ మనిషి ఎవ్వలు?"

మాలతి గోడ వైపు చూసింది. చెక్క పలకల దొంతర, పక్కన ఇసుక. మనుషులెవరూ లేరు. ఆ వివరణ రాసింది ఆమే.

"మనిషి లేడు తమ్మీ. పలకలే."

"ఉన్నడక్కా. పలకల కింద నిలబడ్డడు. మన దిక్కు వీపు వెట్టిండు."

బ్యాచ్‌లో మిగతా పన్నెండు మంది నవ్వారు. పాఠం సాగింది. తొమ్మిదో స్లైడు, లోతుగా తవ్విన గుంత. భూమేష్ తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. "మల్ల ఆయ్ననే. గుంత ఒడ్డున ఉన్నడు. ఇటు మల్లుతుండు."

ఈసారి కొందరే నవ్వారు.

పద్నాలుగో స్లైడులో క్రేన్ కొక్కెం, దానికి వేలాడే ఇనుప దూలం. భూమేష్ ఇయర్‌ఫోన్ చెవిలోంచి తీసేసి చేతిలో పట్టుకున్నాడు. నెమ్మదిగా చెప్పాడు.

"దూలం కింద ఉన్నడు. ఇప్పుడు మన దిక్కే చూస్తుండు."

వెనక వరసలో ఒకడు "ఊకో రా నాయనా, పొద్దటిపూట" అన్నాడు. తరగతి ముందుగానే ముగిసింది.

సంస్థ యజమాని మహబూబ్‌ది కడప. ఆయనే పాఠమూ చెబుతాడు. మాలతిని వరండాలోకి పిలిచాడు. "చూడమ్మా, పాపం అని చేర్చుకున్నా. పరీక్షకు బయటినుంచి ఆఫీసరు వస్తాడు. ఆయన ముందర ఈ పిల్లోడు లేని మనిషిని చూపించినాడనుకో, సున్నా మార్కులు. నాకు ఇంకో బ్యాచ్‌కు అనుమతి కూడా ఇయ్యరు. వచ్చే శుక్రవారం కూడా ఇట్లే చెప్పినాడంటే పేరు కొట్టేస్తా. నువ్వు బాధపడొద్దు."

"ఆయన అబద్ధం చెప్తలేడు సార్."

"నేనూ అదే అంటున్నా. అబద్ధమైతే భయమెందుకు?"

శనివారం మధ్యాహ్నం మాలతి ఒక్కతే సంస్థకు వెళ్ళింది. కింద లాండ్రీలో ఇస్త్రీ ఆవిరి బుస్సుమంటోంది. పైన గదిలో పాత ఏసీ తప్ప వేరే చప్పుడు లేదు. తరగతిలో చూపించిన స్లైడ్ల ఫైలు ఆ కంప్యూటర్లోనే ఉంది. ఏడోది తెరిచింది. తువాలు తేలేదు. చున్నీ తీసి తెర మీద కప్పి, కళ్ళు మూసుకుని గొంతును చదవమంది.

"పలకల దొంతర. ఎత్తు మనిషిని మించి ఉంది. ఒకవైపుకు వాలి ఉంది." ఇవి ఆమె రాసిన మాటలే. ఊపిరి తీసుకోబోయింది. గొంతు ఆగలేదు. "పలకల కింద నీలం చొక్కా మనిషి. వీపు మన వైపు."

కళ్ళు తెరవడానికి ధైర్యం చాలలేదని చెప్పింది నాతో. ఎదురుగా ఉన్నది తన చున్నీయే అయినా, తీస్తే దాని వెనక ఏముంటుందోనని కొంతసేపు అట్లాగే కూర్చుందట. చివరికి చున్నీ లాగేసింది. పలకలు, ఇసుక. అంతే. మౌస్‌తో ఫోటోను పట్టుకుని పక్కకు జరిపింది.

కింద ఇంకొక ఫోటో ఉంది. అదీ పలకల దొంతరే, వేరే సైటుది. దాన్నీ జరిపింది. దాని కింద మూడోది.

సంగతి అర్థమైంది. మహబూబ్ సారు కొత్త ఫోటో పెట్టేటప్పుడు పాతదాన్ని తీసేసేవాడు కాదు. తీస్తే పక్కనున్న అక్షరాలు చెదిరిపోతాయని, పాతదాని మీదే కొత్తదాన్ని అతికించేవాడు. గోడకు వాల్‌పోస్టర్ల మీద వాల్‌పోస్టర్లు అంటించినట్టు. మాలతి ఇంట్లో వేరే ఫైలులో తయారుచేసి పంపిన ఫోటోలను కూడా పాత ఫైలులో అట్లాగే పైన అతికించాడు. అందుకే ఇంట్లో విన్నప్పుడు ఆమెకు ఈ మనిషి వినబడలేదు. చూసేవాళ్ళకు పై ఫోటో ఒక్కటే కనబడుతుంది. గొంతుకు పైనా కిందా లేవు. అది అన్నీ చదువుతుంది.

మాలతికి నవ్వొచ్చింది. ఇంతేనా అనుకుంది. అన్నిటికంటే అడుగునున్న ఫోటో వివరణలోనే నీలం చొక్కా మనిషి ఉన్నాడు. సరే, వాడి మొహం చూద్దామని ఆ ఫోటోను తెర నిండా పెద్దది చేసింది.

పలకలు. ఇసుక. ఇసుక మీద టైరు గుర్తులు. మనిషి లేడు.

తొమ్మిదోది తవ్వి చూసింది. అడుగు ఫోటోలో గుంత ఒక్కటే ఉంది. పద్నాలుగోదానిలో కొక్కెం, దూలం, నేల మీద దూలం నీడ. వివరణ మాత్రం ఇట్లా ఉంది: 'దూలం కింద నీలం చొక్కా మనిషి. మన వైపే చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు.'

ఆమె లైటు కూడా ఆర్పకుండా కిందికి దిగి, లాండ్రీ వాళ్ళ బెంచీ మీద కూర్చుని మహబూబ్‌కు ఫోన్ చేసింది. ఆయన అరగంటలో వచ్చాడు. ఫోటోల దొంతర చూపిస్తే సిగ్గుపడ్డాడు. అడుగు వివరణలు చదివి వినిపిస్తే కుర్చీ వెతుక్కున్నాడు.

"ఏసోబు" అన్నాడు. "ఇవి ఏసోబు రాసినవమ్మా."

తెలుగు బ్యాచ్ మొదలుపెట్టింది ఏసోబట. పాలకొల్లు మనిషి, సైట్లలో ఇరవయ్యేళ్ళు పనిచేశాడు. ఆ ఫోటోలన్నీ ఆయన తీసినవే. మాలతి చేరకముందే గుండె ఆగి పోయాడు.

"చివరి ఏడాది ఎప్పుడూ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాఠం చెప్పేటోడు. ఏసుప్రభువు పాటలు వింటాడనుకుంటిమి. షుగరు ఎక్కువుండె ఆయనకు. అద్దాలు మార్చి మార్చి వేసేటోడు." మహబూబ్ తెర వైపు చూసి తల దించుకున్నాడు. "కండ్లు పోతాండాయని మాకెవ్వరికీ చెప్పలేదమ్మా. ఈ గొంతు వింటూ, గోడ మీద చూసినట్టే చెప్పేటోడు."

"మరి ఈ మనిషి ఎవ్వలు సార్? ఫోటోల లేడు గద?"

"అది ఆయన పద్ధతి. ఫోటో చూపించి, 'ఇక్కడ మనవాడు ఒకడు నిలబడినాడనుకోండి, వాడికేమవుతుంది?' అనేటోడు. మనిషిని నిలబెడితేనే ప్రమాదం కనపడుతుందనేటోడు. ఉత్త పలకలు ఎవరినీ భయపెట్టవు కదా."

"నీలం అంగీ ఎందుకు?"

మహబూబ్ మౌస్‌ను పక్కకు నెట్టాడు. "సైట్లో ఉన్నప్పుడు ఎవడో ఆయన కండ్ల ముందరే పోయినాడంట. దాని గురించి అడిగితే లేచి ఎళ్ళిపోయేటోడు."

ఆ మధ్యాహ్నం మాలతి ఇరవై రెండు స్లైడ్లూ శుభ్రం చేసింది. పాత ఫోటోలన్నీ తీసేసింది. చనిపోయిన మనిషి మాటలు తుడిచేస్తున్నందుకు చెయ్యి ఆడలేదంది. కానీ ఉంచితే భూమేష్ దారి తప్పుతాడు. పద్నాలుగోది చివరికి మిగిలింది. ఒక్కసారి చదివించుకుని, అదీ తీసేసింది. ఏసోబు పద్ధతిని మాత్రం ఉంచుకుంది. ప్రతి వివరణలోనూ తన మాటల్లో 'ఒక మనిషి' అని చేర్చింది. గుంత ఒడ్డున ఒక మనిషి. మెట్ల మీద ఒక మనిషి.

తరువాతి శుక్రవారం వినగానే భూమేష్ మొహం వెలిగింది. "ఇప్పుడు కనబడ్తుంది అక్కా! ఆ మనిషి ఇంకొక్క అడుగేస్తే పోతడు. గుంతకు కంచె లేదు గద?" కళ్ళున్న పన్నెండు మంది ఇంకా గోడ వైపు చూస్తుండగానే జవాబులు చెప్పేశాడు. మహబూబ్ పేరు కొట్టేయలేదు.

పరీక్షకు వారం ముందు, అందరూ వెళ్ళిపోయాక, భూమేష్ అడిగాడు. "అక్కా, నువ్వు రాసే మనిషికి మల్ల నీలం అంగీ తొడిగినవా?"

ఆమె రాసింది 'ఒక మనిషి' అని మాత్రమే. రంగు రాయలేదు. అయినా "ఆఁ, నేనే" అంది. పరీక్ష దగ్గర పడింది, పిల్లవాడు బెదరకూడదని. ఆ అబద్ధం చెప్పినప్పుడు తన వీపు వెనక ఎవరో నిలబడి విన్నట్టనిపించిందట. వెనక్కి తిరగలేదట.

ఆ రాత్రి ఫైలంతా మళ్ళీ తువాలు కప్పి వింది. ఒక మనిషి. ఒక మనిషి. ఒక మనిషి. నీలం లేదు.

పరీక్ష జూన్ ఇరవయ్యో తారీకుకు దగ్గర్లో, ఒక ఆదివారం పొద్దున. తెలుగులో నోటి పరీక్ష పెట్టడానికి వచ్చిన ఆఫీసరు పేరు పెద్దన్న. అనంతపురం ఆయన, ముక్కుసూటి మనిషి. బయట ఎండకు రోడ్డు మెరుస్తోంది. గదిలో నలుగురే: పెద్దన్న, భూమేష్, మాలతి, తలుపు దగ్గర మహబూబ్. పెద్దన్న గోడ పక్కన, ఏసీ కింద చల్లగా ఉందని కుర్చీ వేసుకున్నారు. మాలతికి ఐదు ఫోటోలు ఇచ్చారు. అరగంటలో వాటి వివరణలు ఆయన కళ్ళ ముందే రాయాలి.

"ఒక షరతమ్మా" అన్నారు. "మీ పద్ధతి గురించి మహబూబ్ చెప్పినాడు. లేని మనిషిని పెట్టకూడదు. ఫోటోలో ఉండేదే రాయాల. ప్రమాదం ఏందో చెప్పగూడదు."

మనిషి లేకపోతే భూమేష్‌కు ప్రమాదం కనబడదని మాలతికి తెలుసు. అయినా రాసింది. ఉన్నది ఉన్నట్టు, ఎక్కడా మనిషి లేకుండా. ఐదోది ఈ గది ఫోటోయే. ఆరోజు పొద్దునే పెద్దన్న ఫోన్‌తో తీశారు. 'మనం రోజూ కూర్చునే గదిలో ప్రమాదం ఎవరికీ కనపడదు, అందుకే పెట్టినా' అన్నారు. ఆమె ఫోటోనే చూస్తూ రాసింది: గోడకు ఏసీ. దాని కింద గోడ మీద పొడుగ్గా తుప్పు రంగు చార. చార కింద ఖాళీ కుర్చీ. బల్ల. నేల మీద మడత పడిన వైరు.

ఐదింటిలో మూడు చెబితే పాసు.

మనిషి లేని ఫోటోలు భూమేష్‌కు చీకటైపోయాయి. మొదటిది చెప్పాడు. రెండోది తడబడి తప్పు చెప్పాడు. మూడోది సగం దాకా వెళ్ళి ఎదురుగా ఎవరినో వెతుకుతున్నట్టు చేతులు చాపి ఆగిపోయాడు. నాలుగోది చెప్పాడు. పెద్దన్న కాగితం మీద గీసే టిక్కులు మాలతికి కనబడుతూనే ఉన్నాయి. రెండు. ఇక ఐదోది ఒక్కటే మిగిలింది. టికెట్టుకూ డ్యూటీకీ మధ్య అదే.

భూమేష్ ఇయర్‌ఫోన్ సర్దుకున్నాడు. విన్నాడు. రెండోసారి విన్నాడు. అతని మొహంలో తడబాటు పోయింది.

"సార్, ఇందుల మనిషి ఉన్నడు."

పెద్దన్న మాలతి వైపు తిరిగారు. "నేను వద్దన్నానా లేదా?"

"నేను రాయలే సార్. ఒట్టు."

"ఉన్నడు సార్" అన్నాడు భూమేష్, తొందరపడకుండా. "గోడ పక్క కుర్సీల కూసున్నడు. ఆయ్న నెత్తి మీద ఏసీ ఉంది. గోడంత తుప్పు కారింది అంటే లోపల కొక్కేలు తిన్నయి. ఇందాకటి సంది కిర్రుమంటుంది, మీకు ఇనబడ్తలేదా? ముందుగాల ఆ మనిషిని లేపాలె. ఫోటో తర్వాత చూద్దం."

"అబ్బాయ్, ఫోటోలో ఆ కుర్చీ ఖాళీ. ఏదీ, ఆమె ఏం రాసిందో నేనే చూస్తా" అని పెద్దన్న విసుగ్గా లేచి, నాలుగడుగులు వేసి, భూమేష్ ల్యాప్‌టాప్ మీదికి వంగారు.

వెనకాల గోడ ఊడినట్టు చప్పుడైంది.

ఏసీ కుర్చీ మీద పడింది. కుర్చీ నడుము విరిగి, నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు పోయాయి. సున్నం పొడి మంచులా లేచింది. గొట్టంలోంచి నీళ్ళు నేల మీద పారాయి. మహబూబ్ "యా అల్లా" అన్నాడు, అదీ సగమే.

పెద్దన్న మాత్రం ల్యాప్‌టాప్ తెర మీదే వంగి ఉన్నారు. అందులో అక్షరాలు ఆయనకు స్పష్టంగా కనబడుతున్నాయి. ఖాళీ కుర్చీ. బల్ల. మడత పడిన వైరు. మనిషి అనే మాట ఎక్కడా లేదు.

నలుగురూ వరండాలోకి వచ్చారు. మహబూబ్ అందరికీ నీళ్ళ సీసాలు తెచ్చాడు. పెద్దన్న సీసా మూత తీయలేకపోతే మాలతి తీసి ఇచ్చింది. ఆయన తాగి, మొహం తుడుచుకుని, పరీక్ష కాగితం మోకాలి మీద పెట్టుకున్నారు. పద్ధతి ప్రకారం ముగించే మనిషి. ఐదో ఫోటోకు మూడు గళ్ళున్నాయి.

"ప్రమాదం ఏందో చెప్పినావు. ఏం చెయ్యాల్నో చెప్పినావు." ఆయన రెండు గళ్ళలో టిక్కులు పెట్టారు. "ఇంకొక గడి ఉంది. ఎంతమందికి ప్రమాదం?"

"ఇద్దరికి సార్."

"ఇద్దరేంది నాయనా? ఆ కుర్చీలో ఉండింది నేనొక్కడినే కదా."

భూమేష్ ఇయర్‌ఫోన్‌ను చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చూపు లేని కళ్ళను మూసిన తలుపు వైపు తిప్పాడు.

"మీరు లేసిండ్రు సార్. ఆయ్న ఇంకా లెవ్వలే."

పెద్దన్న పెన్ను పైకెత్తి, తలుపు వైపు చూడబోయి, చూడలేదు. మూడో గడిలో 'ఇద్దరు' అని రాశారు. దాని పక్కన టిక్కు పెట్టి, కింద 'ఉత్తీర్ణుడు' అని రాసి సంతకం చేశారు. కాగితం భూమేష్ చేతిలో పెడుతూ, "మీ అమ్మకు ఫోన్ చేసుకో" అన్నారు. లోపల మరిచిపోయిన తన సంచీని మాత్రం, మధ్యాహ్నం రిపేరు వాళ్ళొచ్చి తలుపు తెరిచేదాకా అడగలేదు.